ఎవరెస్టు ఎక్కడానికి మే నెలే ఎందుకు?

పిల్లలూ! ముందుగా ఒక కాగితం, పెన్సిలు తీసుకొని ఈ కింది తేదీలు వరసగా రాసుకోండి.

1953 మే 29: టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ మొట్టమొదటగా ఎవరెస్టు శిఖరం చేరారు.

1965 మే 20: భారత పర్వతారోహకుల దళం మొదటిసారి శిఖరం చేరింది. ఆ రోజు పైన నిలిచినవారు అవతార్ సింగ్ చీమా, నవాంగ్ గొంబు.

1975 మే 16: జపాను దేశస్థురాలు జుంకో తబెయ్ ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ అయింది.

1978 మే 8: రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా శిఖరం చేరారు.

1984 మే 23: బచేంద్రీ పాల్ ఎవరెస్టు ఎక్కిన మొదటి భారతీయ మహిళగా పేరు పొందింది.

2014 మే 25: నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. మీలాగే హైస్కూలు విద్యార్థిని. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటు శిఖరం చేరాడు.

ఇప్పుడు జాబితాను పైనుంచి కిందికి ఒకసారి చూడండి. ఏమి గమనించారు? సంవత్సరాలు వేరు, దేశాలు వేరు, మనుషులు వేరు. నెల మాత్రం ఒక్కటే. అన్నీ మే నెలలోనే!

మే నెల అంటే మనకు బళ్ళకు సెలవులు, వడగాడ్పులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అంటారు. పూర్ణ ఎవరెస్టు కొన మీద నిలిచిన రోజు సరిగ్గా ఆ రోహిణి కార్తె ప్రవేశించే రోజులే. మనం చెట్టు నీడకు పరుగెత్తే రోజుల్లో పర్వతారోహకులు ఆ మంచుకొండకు పరుగెత్తుతారు. ఎందుకు? ‘ఎండాకాలం కదా, పైన చలి తగ్గుతుంది’ అని మీలో చాలామంది చెబుతారు. అందులో నిజం కొంత ఉంది. కాని అసలు కారణం అది కాదు. అదేమిటో తెలియాలంటే ఆ శిఖరం ఎక్కడ ఉందో, అక్కడి గాలి ఎలాంటిదో మనం మెట్టుమెట్టుగా తెలుసుకోవాలి.

శిఖరం ఎక్కడ ఉంది?

అట్లాసు తెరవండి. ఉత్తర అక్షాంశం 28 డిగ్రీలకు కొద్దిగా దిగువన, తూర్పు రేఖాంశం 87 డిగ్రీలకు కొద్దిగా ఇవతల వేలు పెట్టండి. అదే ఎవరెస్టు. దక్షిణాన నేపాలు, ఉత్తరాన చైనా పాలనలోని టిబెట్టు. రెండు దేశాల సరిహద్దు సరిగ్గా శిఖరం మీదుగా పోతుంది. నేపాలీలు దీన్ని సాగర్‌మాథా అనీ, టిబెట్టువారు చోమోలుంగ్మా అనీ పిలుస్తారు.

ఇప్పుడు అదే అక్షాంశం వెంబడి వేలును పడమటికి జరపండి. ఢిల్లీ నగరం దగ్గరికి వస్తారు. అంటే ఎవరెస్టు ధ్రువ ప్రాంతపు కొండ కాదు, ఢిల్లీకి ఇంచుమించు సమానమైన అక్షాంశంలో ఉన్న కొండ. ఈ మాట గుర్తుంచుకోండి. దీని విలువ ముందు ముందు తెలుస్తుంది.

కొండ ఆకారం మూడు పలకల పిరమిడ్ వంటిది. నైరుతి, ఉత్తరం, తూర్పు దిక్కులకు ఒక్కొక్క ముఖం. ఆ ముఖాల అడుగున ఖుంబు, రోంగ్‌బుక్, కాంగ్‌షుంగ్ అనే హిమానీనదాలు ఉన్నాయి. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. శిఖరానికి ఏ వైపున మంచు కరిగినా, ఆ నీరు చివరికి కోసి నదిలో కలుస్తుంది. దక్షిణపు నీరు దూద్‌కోసి ద్వారా, ఉత్తరపు నీరూ తూర్పు నీరూ అరుణ్ నది ద్వారా కోసిని చేరుతాయి. కోసి గంగలో కలుస్తుంది, గంగ బంగాళాఖాతంలో కలుస్తుంది. విశాఖపట్నంలో మీ పాదాలు తడిపే సముద్రానికి ఎవరెస్టు మంచుతో ఇంత చుట్టరికం ఉంది.

ఎత్తు ఎంత? 1852లో రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణిత నిపుణుడు భారత సర్వే శాఖలో పనిచేస్తూ, దూరం నుంచి కొలిచిన కోణాలతో లెక్కకట్టి, అన్నిటికంటే ఎత్తయిన శిఖరం ఇదేనని తేల్చాడు. అప్పటికి దాని పేరు పదిహేనవ శిఖరం మాత్రమే. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు, అంటే సుమారు 8,840 మీటర్లు. 2020 డిసెంబరులో నేపాలు, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. కొండ దగ్గరికి వెళ్ళకుండానే, వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి చేసిన లెక్కలో తేడా పది మీటర్లకు లోపే! త్రికోణమితి ఎందుకు నేర్చుకోవాలని మీరు అడిగితే నేను చెప్పే జవాబు ఇదే.

సముద్రపు అడుగు కొండ కొన అయింది

మీ ఇంట్లో తాండూరు బండలో, కడప బండలో పరిచి ఉంటే ఒకసారి చేత్తో తడిమి చూడండి. అది సున్నపురాయి. నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన అవక్షేప శిల. ఎవరెస్టు కొనన ఉన్న రాయి కూడా సున్నపురాయే. అందులో సముద్రపు జీవుల శిలాజ శకలాలు దొరికాయి. ఆ రాయి నలభై కోట్ల సంవత్సరాలకు పూర్వం సముద్రం అడుగున ఏర్పడింది.

సముద్రపు అడుగు అంత ఎత్తుకు ఎలా చేరింది? భారతదేశం ఉన్న భూఫలకం ఉత్తరానికి కదులుతూ వచ్చి సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియా ఫలకాన్ని ఢీకొన్నది. నడుమ ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. దాని అడుగున ఉన్న పొరలు ముడతలు పడి పైకి లేచాయి. ఆ నెట్టుడు నేటికీ ఆగలేదు. హిమాలయాలతోపాటు వాటి వెనుక ఉన్న టిబెట్టు పీఠభూమి కూడా పైకి లేచింది. దాని సగటు ఎత్తు నాలుగున్నర వేల మీటర్లకు పైమాటే. మన మే నెల చిక్కుముడిని విప్పడంలో ఈ పీఠభూమికి ముఖ్యమైన పాత్ర ఉంది.

సూర్యుడికి దగ్గరైతే చలి ఎందుకు?

మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: “మాస్టారూ, కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం గదా! వేడి పెరగాలి గాని చలి ఎందుకండీ?”

మంచి ప్రశ్న. మొదట ‘దగ్గర’ అంటే ఎంతో లెక్క వేద్దాం. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఎవరెస్టు ఎక్కితే మనం దగ్గరయ్యేది సుమారు 9 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి బయలుదేరినవాడు సుమారు 1,500 కిలోమీటర్ల దారిలో 9 సెంటీమీటర్లు ముందుకు జరిగినట్లు! అంతకంటే ఏమీ లేదు.

రెండవది, గాలి ముఖ్యంగా పైనుంచి వేడెక్కదు. సూర్యకిరణాలు చాలావరకు గాలిలోనుంచి దాటిపోయి నేలను వేడిచేస్తాయి. నేల తనను తాకిన గాలిని వేడిచేస్తుంది. పొయ్యి కింద ఉంది, మనం మేడ ఎక్కుతున్నాం అనుకోండి. వేడిగాలి పైకి వెళ్తుంది గదా అంటారేమో. వెళ్తుంది. కాని పైన పీడనం తక్కువ కాబట్టి వెళ్తూ వెళ్తూ వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సైకిలు ట్యూబు వాల్వు నొక్కితే బుస్సుమని బయటికి వచ్చే గాలి చల్లగా తగలడం మీకు తెలుసు. పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వేడెక్కడమూ తెలుసు. ఒకటి వ్యాకోచం, మరొకటి సంకోచం.

సగటున 1,000 మీటర్లు పైకి పోతే ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గుతుంది. సముద్ర మట్టంలో 30 డిగ్రీల సెంటీగ్రేడు ఉందనుకుందాం. 8.85ను 6.5తో గుణిస్తే సుమారు 57. ముప్ఫైలోంచి యాభై ఏడు తీసేస్తే మైనస్ 27. ఎవరెస్టు మీద మే నెలలో ఉండే చలి ఇంచుమించు ఇంతే. జనవరిలో సగటు మైనస్ 36 డిగ్రీలు, జూలైలో మైనస్ 19 డిగ్రీలు. ఏ నెలలోనూ అక్కడి సగటు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికైనా రాదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. చలి ఒక్కటే అడ్డమైతే అందరూ జూలైలో ఎక్కాలి. కాని జూలైలో కొండ దగ్గర జనమే ఉండరు. కాబట్టి కారణం వేరే ఉంది.

గాలి మూడో వంతే

చలికాలంలో ఇంట్లో బొంతలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంచుతారు. అన్నిటికంటే కింది బొంత బాగా అణిగి ఉంటుంది. పైది మెత్తగా పొంగి ఉంటుంది. గాలి కూడా అంతే. పై పొరల బరువుకు కింది గాలి నొక్కుకొని దట్టంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలుచనవుతుంది.

సముద్ర మట్టంలో భారమితిలో పాదరసం 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. సుమారు 5,500 మీటర్ల ఎత్తులో అందులో సగమే. మరి ఎవరెస్టు కొన మీద? 1981 అక్టోబరు 24న క్రిస్టఫర్ పిజ్జో అనే డాక్టరు శిఖరం ఎక్కి, అక్కడే నిలబడి వాతావరణ పీడనం కొలిచాడు. 253 మిల్లీమీటర్లు వచ్చింది. సరిగ్గా మూడో వంతు.

‘కొండ పైన ఆక్సిజన్ శాతం తక్కువ’ అని కొందరు పరీక్షల్లో రాస్తారు. అది తప్పు. పైనా కిందా ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళే. గాలి మొత్తమే మూడో వంతు కాబట్టి ఆక్సిజన్ కూడా మూడో వంతు అందుతుంది. నిజానికి అంతకంటే తక్కువే. ఎలాగో చూడండి. మనం పీల్చిన గాలి లోపల తడిసి శరీరపు వెచ్చదనానికి వస్తుంది. ఆ నీటి ఆవిరి పీడనం కిందనైనా పైనైనా 47 మిల్లీమీటర్లే. ఆ వాటా తీసేయాలి.

సముద్ర మట్టంలో: 760 – 47 = 713. అందులో 21 శాతం సుమారు 150.
శిఖరం మీద: 253 – 47 = 206. అందులో 21 శాతం సుమారు 43.

150 ఎక్కడ, 43 ఎక్కడ! శరీరం అడుగు తీసి అడుగు వేయడానికి పనికివచ్చే పీడనంలో ఇది చిట్టచివరి అంచు. అందువల్లనే అక్కడ ఒక్కొక్క అడుగుకూ ఆగి ఎన్నోసార్లు ఊపిరి తీసుకోవాలి. అందువల్లనే ఎక్కువమంది సిలిండరులో ఆక్సిజన్ మోసుకుపోతారు. నీరు కూడా అక్కడ సుమారు 70 డిగ్రీలకే మరుగుతుంది. తెర్లుతున్న నీళ్ళలో కందిపప్పు వేసి ఎంతసేపు కూర్చున్నా ఉడకదు. మన ఇంట్లో ప్రెషర్ కుక్కరు చేసే పనికి ఇది సరిగ్గా ఎదురు.

వేడిగాలి స్తంభం పొడుగు

ఇప్పుడు అసలు కీలకం దగ్గరికి వచ్చాం. ఇక ముందు చెప్పే మూడు సంగతులకూ ఈ ఒక్క సూత్రమే ఆధారం.

రెండు గాలి స్తంభాలు ఊహించుకోండి. రెండింటిలో ఉన్న గాలి బరువు సమానమే. నేల దగ్గర పీడనమూ సమానమే. ఒక స్తంభంలో గాలి వేడిగా, రెండో దానిలో చల్లగా ఉంది. వేడిగాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ స్తంభం పొడుగు సాగుతుంది. చల్లని స్తంభం కుంగి పొట్టిగా ఉంటుంది. ఇప్పుడు రెండింటిలోనూ 9 కిలోమీటర్ల ఎత్తున గీత గీయండి. ఏ గీతకు పైన ఎక్కువ గాలి మిగిలి ఉంటుంది? పొడుగు స్తంభంలో. అంటే ఒకే ఎత్తులో వేడి ప్రాంతంలో పీడనం ఎక్కువ, చల్లని ప్రాంతంలో తక్కువ.

ఈ సూత్రం వల్ల తేలే మొదటి సంగతి అక్షాంశానికి సంబంధించినది. ఎత్తుకు ఇంత పీడనం అని శాస్త్రజ్ఞులు ప్రపంచానికంతా కలిపి ఒక సగటు పట్టిక తయారుచేశారు. ఆ పట్టిక ప్రకారం 8,848 మీటర్ల ఎత్తులో ఉండవలసిన పీడనం 236 మిల్లీమీటర్లు. పిజ్జో కొలిచింది 253. పదిహేడు మిల్లీమీటర్లు ఎక్కువ. ఎందుకంటే ఎవరెస్టు ఢిల్లీ అక్షాంశంలో, వేడి దేశాల పొడుగాటి గాలి స్తంభం కింద ఉంది. అదే కొండను తీసుకుపోయి ఉత్తరాన అలాస్కాలో నిలబెడితే, మీటర్లలో ఎత్తు మారదు గాని కొనన పీడనం బాగా తగ్గిపోతుంది. అప్పుడు సిలిండరు లేకుండా ఆ శిఖరం చేరడం మనిషి వశం అయ్యేది కాదేమో! మెస్నర్, హాబెలర్ల గెలుపులో వారి ఊపిరితిత్తుల బలంతోపాటు ఆ 28 డిగ్రీల అక్షాంశానికి కూడా వాటా ఉంది.

రెండవ సంగతి రుతువులది. చలికాలంలో గాలి స్తంభం కుంగుతుంది, వేసవిలో సాగుతుంది. అందువల్ల శిఖరం మీద పీడనం జనవరిలో సుమారు 243 మిల్లీమీటర్లు, నడివేసవిలో సుమారు 254. పది పదకొండు మిల్లీమీటర్ల తేడా మనకు లెక్కలోకి రాదు. కాని ఊపిరి అంచు మీద నిలిచినవాడికి అదే పెద్ద తేడా. శీతాకాలంలో ఎవరెస్టు ఊపిరితిత్తులకు మరికొంత ఎత్తు పెరిగినట్లే.

కొండ కొనను తాకే గాలినది

మూడవ సంగతి అన్నిటికంటే ముఖ్యమైనది.

చలికాలంలో మన దక్షిణాది మీద గాలి వెచ్చగా, హిమాలయాలకు ఉత్తరాన అతి చల్లగా ఉంటుంది. దక్షిణాన పొడుగు స్తంభం, ఉత్తరాన పొట్టి స్తంభం. 9, 10 కిలోమీటర్ల ఎత్తులో దక్షిణాన పీడనం ఎక్కువ, ఉత్తరాన తక్కువ. గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి పోవాలి, అంటే ఉత్తరానికి బయలుదేరాలి. కాని భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నది గదా! ఆ భ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడివైపుకు వంగుతుంది. ఉత్తరానికి పోయేవాడికి కుడివైపు ఏది? తూర్పు. అందుకని ఆ గాలి పడమటినుంచి తూర్పుకు, మహావేగంతో, ఒక నదిలాగా ప్రవహిస్తుంది. దీనికే పడమటి జెట్ ప్రవాహం అని పేరు. చలికాలమంతా అది హిమాలయాల మీదుగా పోతుంది. ఎవరెస్టు దానిలోకి తల పెట్టి నిలుచుంటుంది.

ఎవరెస్టు ఫోటోలు చూసినప్పుడు కొన నుంచి ఒకవైపుకు పొగలాగా తెల్లటి తోక సాగి ఉండడం గమనించారా? అది మేఘమూ, గాలి ఎగరగొట్టిన మంచు పొడీ. గాలి ఎటు వీస్తున్నదో చూపే జెండా అది.

శీతాకాలంలో అక్కడ గాలి గంటకు 150 కిలోమీటర్లు దాటడం అసాధారణం కాదు. మన తీరాన గంటకు 118 కిలోమీటర్లు దాటితే దాన్ని అతి తీవ్ర తుపాను అంటారు. అక్కడి గాలి పలుచన కాబట్టి అదే వేగానికి తోపు తక్కువే. అయినా మైనస్ 36 డిగ్రీల చలిలో ఆ గాలి తగిలితే శరీరపు వేడి క్షణాల్లో కొట్టుకుపోతుంది. వేళ్ళు, ముక్కు, చెవులు గడ్డకట్టి చచ్చుబడతాయి. దాన్నే మంచుకాటు అంటారు. చలి కంటే, ఎత్తు కంటే మనిషిని ఎక్కువగా అడ్డుకునేది ఈ గాలి.

తలుపు తెరుచుకునే రోజులు

ఇక మే నెల సంగతి మీరే చెప్పగలరు. ఎండలు ముదిరేకొద్దీ ఉత్తర భారతం కాలుతుంది. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న టిబెట్టు పీఠభూమి కూడా వేడెక్కుతుంది. అది మేడ మీద పెట్టిన పొయ్యి వంటిది. నేల మీది గాలిని కాక, నేరుగా పై గాలినే వేడిచేస్తుంది. దానితో ఉత్తరపు పొట్టి స్తంభం కూడా పొడుగు సాగడం మొదలుపెడుతుంది. దక్షిణానికీ ఉత్తరానికీ తేడా తగ్గుతుంది. తేడా తగ్గితే జెట్ ప్రవాహానికి బలం ఉడుగుతుంది. అది క్రమంగా హిమాలయాలను విడిచి టిబెట్టుకు ఉత్తరానికి తరలిపోతుంది. సాధారణంగా మే రెండవ సగంలో శిఖరం మీద గాలి మెత్తబడుతుంది.

అయితే ఎక్కువ రోజులు కాదు. జెట్ ప్రవాహాన్ని తరిమిన వేడే నైరుతి రుతుపవనాలను కూడా పిలుస్తుంది. జూన్ మొదటివారానికి అవి కేరళ చేరుతాయి, తర్వాత మన పొలాలను తడుపుతాయి, జూన్ నడుమ నేపాలు చేరుతాయి. ఇక ఎవరెస్టు మీద ఎడతెగని మంచు. తాజా మంచు మోకాలిలోతు పేరుకుంటుంది, వాలుల మీద నుంచి హిమపాతాలు జారిపడతాయి. పీడనం బాగుంటుంది, చలి తక్కువగా ఉంటుంది, దారి మాత్రం ఉండదు.

ఒక చేత్తో గాలి తలుపు తెరిచి, మరొక చేత్తో మంచు తలుపు మూసే నడుమ ఉన్న ఆ కొద్ది రోజులే మన జాబితాలోని తేదీలు.

ఇందులో మన తెలుగువారు గర్వపడే సంగతి ఒకటి ఉంది. వేసవిలో టిబెట్టు ఎంతగా వేడెక్కుతుందంటే, చివరికి ఉత్తరపు స్తంభమే దక్షిణపు దానికంటే పొడుగవుతుంది. అప్పుడు పైన గాలి దిశ తిరగబడి, తూర్పునుంచి పడమటికి మన ద్వీపకల్పం మీదుగా మరొక జెట్ ప్రవాహం పుడుతుంది. రుతుపవనాల కాలంలో కనిపించే ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950ల దశకంలో గుర్తించి వివరించినవాడు పంచేటి కోటేశ్వరం అనే తెలుగు శాస్త్రవేత్త. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశాడు.

జాబితాలో లేని తేదీలు

మీలో చురుకైనవారు ‘పిజ్జో ఎక్కింది అక్టోబరులో గదా!’ అని ఈపాటికి అనుకొని ఉంటారు. శాస్త్రంలో మినహాయింపులను దాచిపెట్టకూడదు, పరీక్షించాలి.

రుతుపవనాలు వెనుదిరిగాక, జెట్ ప్రవాహం తిరిగి వచ్చేలోగా సెప్టెంబరు చివర, అక్టోబరులో మరొక చిన్న సందు దొరుకుతుంది. కాని రోజురోజుకూ చలి, గాలి పెరుగుతూ పోయే కాలం అది. 1980 ఫిబ్రవరి 17న పోలండు దేశస్థులు ఇద్దరు నడి చలికాలంలో జెట్ గాలికి ఎదురొడ్డి ఎక్కారు. ఆ సంవత్సరమే ఆగస్టు 20న మెస్నర్ టిబెట్టు వైపునుంచి ఒంటరిగా, ఆక్సిజన్ లేకుండా, రుతుపవనాల నడుమ వచ్చిన తెరపిలో శిఖరం చేరాడు. పీడనం ఎక్కువగా ఉండే కాలం అదేనని మనం పైన చూశాం. కాబట్టి ఈ తేదీలు మన సూత్రాన్ని కొట్టివేయవు, బలపరుస్తాయి.

మే నెల అయినంతమాత్రాన భయం లేదనుకోవద్దు. 1996 మే 10వ తేదీ మధ్యాహ్నం దాటాక శిఖరం మీద తుపాను విరుచుకుపడింది. ఆ రాత్రి, మరునాడు కలిపి ఎనిమిదిమంది చనిపోయారు. తుపాను వస్తే గాలి వేగం పెరగడమే కాదు, పీడనం కూడా పడిపోతుంది. ఉన్న కొద్దిపాటి ఊపిరీ తగ్గుతుంది. తలుపు తెరుచుకున్నదంటే ఎప్పుడైనా మూసుకోవచ్చునని అర్థం.

శిఖరం దగ్గర కొత్త కాపలాదారులు

శిఖరం మీది వాతావరణం గురించి చాలాకాలం బెలూన్ల ద్వారా, లెక్కల ద్వారా తెలుసుకునేవారు. 2019లో 8,430 మీటర్ల ఎత్తున, 2022లో సుమారు 8,810 మీటర్ల ఎత్తున తమంతట తామే పనిచేసే వాతావరణ కేంద్రాలను నిలబెట్టారు.

ఆ పరిశోధనల్లో తెలిసిన ఒక విషయం మనం శ్రద్ధగా వినాలి. గాలి గడ్డకట్టే చలిలో ఉన్నా, పలుచని గాలిని దాటివచ్చే ఎండ మాత్రం అక్కడ అతి తీవ్రంగా ఉంటుంది. తెల్లని మంచు ఆ ఎండను చాలావరకు తిరగ్గొడుతుంది. పై మంచు పోయి, అడుగున ఉన్న గట్టి గడ్డ బయటపడితే అది ఎండను పీల్చుకుంటుంది. కొంత కరుగుతుంది, కొంత నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. కర్పూరం హరించుకుపోయినట్లే. దీన్ని ఉత్పతనం అంటారు. శిఖరానికి దిగువన సుమారు 8,000 మీటర్ల ఎత్తులో ఉన్న సౌత్ కోల్ హిమానీనదంలో రెండు వేల సంవత్సరాలుగా పేరుకున్న మంచు 1990ల తర్వాత పాతిక, ముప్ఫై సంవత్సరాల్లోనే పోయిందని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. భూమి వేడెక్కడం ప్రపంచపు కొన దాకా పాకింది. హిమాలయాల మంచు నీటి మీద ఆధారపడి కోట్లాదిమంది ఉన్నారు కాబట్టి ఇది పర్వతారోహకుల సమస్య మాత్రమే కాదు.

ఈ ఏడు జూన్‌లో తొలకరి చినుకు పడ్డప్పుడు ఉత్తరానికి తిరిగి ఒక్క క్షణం ఆలోచించండి. మన రైతు ఎదురుచూసిన గాలే అక్కడ శిఖరం తలుపు మూయడానికి బయలుదేరింది.

చేసి చూడండి

1. సైకిలు పంపు మూతిని వేలితో మూసి, గాలిని పదిసార్లు గట్టిగా నొక్కండి. పంపు అడుగు తాకి చూడండి. తర్వాత గాలి నిండిన ట్యూబు వాల్వు దగ్గర వేలు పెట్టి గాలి వదలండి. రెండింటికీ తేడా రాసుకోండి.

2. ఖాళీ సీసా మూతికి బెలూను తొడిగి, సీసాను వేడినీళ్ళ గిన్నెలో, తర్వాత చల్లని నీళ్ళ గిన్నెలో ఉంచండి. బెలూను ఎప్పుడు లేచింది, ఎప్పుడు వాలింది? మనం చెప్పుకున్న గాలి స్తంభాలతో పోల్చండి. వేడినీళ్ళు వాడేటప్పుడు ఇంట్లో పెద్దవారిని పక్కన ఉంచుకోండి.

ఆలోచించండి

1. సముద్ర మట్టంలో 30 డిగ్రీలు ఉన్నప్పుడు 3,000 మీటర్ల కొండ మీద ఎంత ఉండవచ్చు?

2. జనవరిలో శిఖరం మీద పీడనం 243 మిల్లీమీటర్లు అనుకొని, లోపలికి అందే ఆక్సిజన్ పీడనం లెక్కకట్టండి. అక్టోబరు విలువతో పోల్చండి.

3. టిబెట్టు పీఠభూమి లేకుండా, దాని స్థానంలో మైదానం ఉంటే జెట్ ప్రవాహానికి, మన వానలకు ఏమయ్యేది? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. తోటివారితో చర్చించి, మీ సైన్సు ఉపాధ్యాయునికి చెప్పండి.